పట్టర్ ముఖం ఎటు చూస్తోంది?



గోల్ఫ్ అనగానే బంతిని ఆకాశంలోకి దూరంగా కొట్టే దృశ్యం మనకు గుర్తుకు వస్తుంది. కానీ ఆ ఆటలో సగం లెక్క నేలమీదే తేలుతుంది. ఒక్కొక్క రంధ్రానికి నిర్ణయించే పార్ సంఖ్యలో రెండేసి దెబ్బలు గ్రీన్ మీద బంతిని దొర్లించడానికే కేటాయిస్తారు. 18 రంధ్రాలకు 36 దెబ్బలు. పార్ 72 గల మైదానంలో ఇది సరిగ్గా సగం. నున్నగా కత్తిరించిన పచ్చిక మీద బంతిని ఇలా దొర్లించడమే పట్టింగ్. అందుకు వాడే కర్ర పట్టర్. బంతిని తాకే దాని చదునైన భాగాన్ని ముఖం అంటారు.

ఒక్క దెబ్బ విలువ ఎంతో చూడండి. 2016 నవంబరులో ఢిల్లీ పక్కనే గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ మైదానంలో మహిళల ఇండియన్ ఓపెన్ జరిగింది. బెంగుళూరుకు చెందిన 18 ఏళ్ల అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో ఆ టైటిల్ గెలుచుకుంది. అదే అదితి 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగు రోజుల ఆటను 269 దెబ్బలతో ముగించింది. తర్వాతి రెండు పతకాలు పొందిన ఇద్దరివీ 268 దెబ్బలు. ఒక్క దెబ్బతో పతకం చేజారింది. చివరి రంధ్రం వద్ద ఆమె బర్డీ కోసం దొర్లించిన బంతి లోపల పడలేదు. ఈ స్థాయి ఆటలో గెలుపు ఓటములు ఇంత సన్నని గీత మీద ఉంటాయి.

ఆ గీతను మీ పదో తరగతి త్రికోణమితితోనే కొలవవచ్చు. రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధం 5.4 సెంటీమీటర్లు. బంతి 3 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అది బయలుదేరే దిశ ఒక్క డిగ్రీ తప్పితే, రంధ్రం దగ్గరికి చేరేసరికి 5.2 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అంటే రంధ్రం అంచుకు చేరుతుంది. అక్కడ పడవచ్చు, పడకపోవచ్చు. అదే 6 మీటర్లయితే 10.5 సెంటీమీటర్లు తప్పుతుంది. ఇక పడే ఆశ లేదు.

మరి ఈ దిశను నిర్ణయించేది ఏది? కర్రను ఊపిన దారి అని చాలామంది అనుకుంటారు. నిజానికి బంతిని తాకే క్షణంలో ముఖం ఎటు చూస్తోందన్నదే ముఖ్యం. బయలుదేరే దిశలో ఐదింట నాలుగు వంతులకు పైగా ముఖానిదే బాధ్యత. ఊపిన దారి వాటా స్వల్పం. బంతి ఆ ముఖానికి దాదాపు లంబంగా బయలుదేరడమే ఇందుకు కారణం.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ముఖాన్ని ఊపు పొడవునా లక్ష్యం వైపే నిలపాలా? అవసరం లేదు. నిబంధనల ప్రకారం పట్టర్ కడ్డీ నిలువుగా ఉండకూడదు, కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలి. అందువల్ల ఊపు సహజంగానే చిన్న వంపు తిరుగుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ముఖం కొంచెం తెరుచుకుని, ముందుకు వచ్చేటప్పుడు మూసుకుంటుంది. తాకే క్షణంలో సరిగా ఉంటే చాలు. మణికట్లు కదలకుండా, పిడి గట్టిగా బిగించకుండా, భుజాలతో గోడ గడియారపు లోలకంలా ఊపితే ఆ క్షణం ప్రతిసారీ ఒకే తీరుగా వస్తుంది.

బంతి ముఖం మధ్యలో కాక చివర తగిలితే పట్టర్ చేతిలో మెలితిరుగుతుంది, దిశ మారుతుంది. దీన్ని తగ్గించిన వ్యక్తి నార్వేలో పుట్టిన అమెరికా ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1959లో ఆయన పట్టర్ తలలోని బరువును రెండు కొసలకూ పంచాడు. రెండు వైపులా కుండలు వేలాడే కావడిని గిరుక్కున తిప్పడం కష్టం కదా! అదే సూత్రం. భౌతికశాస్త్రంలో దీన్నే జడత్వ భ్రామకం అంటారు.

ఇప్పుడు ఒక ప్రయోగం. ప్రయోగశాలలోని రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల మీటరు స్కేలును సమతలమైన నేలమీద పెట్టండి. ఒక కొసన సరిగ్గా మధ్యలో బంతిని ఉంచి, స్కేలు వెంట దొర్లించండి. బంతి జారిపోకుండా అవతలి కొస దాటితే, మీ దిశలో పొరపాటు ముప్పావు డిగ్రీ కంటే తక్కువ! మొదట 30 సెంటీమీటర్ల స్కేలుతో ప్రారంభించండి; అక్కడ దాదాపు రెండున్నర డిగ్రీల వరకు వెసులుబాటు ఉంటుంది. పదిసార్లకు ఎన్నిసార్లు చివరిదాకా వెళ్లిందో రోజూ పుస్తకంలో రాసుకోండి. బంతి ఎప్పుడూ ఒకే పక్కకు జారుతుంటే, మీ ముఖం అటువైపు చూస్తోందని అర్థం.

గదిలో నేర్చిన దిశ గ్రీన్ మీద సగం పనే చేస్తుంది. అక్కడ వాలు ఉంటుంది. ఢిల్లీ చలికాలపు ఉదయాల్లో మంచు తడికి బంతి నెమ్మదిస్తుంది. వాలునూ వేగాన్నీ అంచనా వేయడం వేరే విద్య. అయితే ఎంచుకున్న దిక్కుకు బంతిని పంపలేనివారికి ఆ అంచనా అక్కరకు రాదు.

ఢిల్లీ విద్యార్థులకు ఒక మాట. లాడో సరాయ్‌లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నెలకొల్పిన కుతుబ్ గోల్ఫ్ కోర్సు ప్రజలందరి కోసం ఏర్పాటైనది. మైదానం అందుబాటులో లేనివారికి ఇంటి వసారా, ఒక స్కేలు చాలు. దూరం కొట్టడానికి కండబలం కావాలి. ఒక డిగ్రీని అదుపులో పెట్టడానికి కావలసింది ఓపిక. అది ఎవరైనా అలవరచుకోగలిగినదే.