చికిత్స ముగిసినచోట పరిచర్య
(వైరా పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



“ఇక చేయవలసినదేమియు లేదు, ఇంటికి తీసికొనిపొండు.” మన వైరా ప్రాంతమున ఈ మాట విన్న కుటుంబములు పెక్కు గలవు. పుట్టెడు అప్పుతో పట్టణపు వైద్యశాలనుండి తిరిగివచ్చిన రోగి మంచముచుట్టు బంధువులు ఏమియు తోచక నిలిచియుందురు. ఆ మాట సత్యము కాదని మనవి చేయుటకే మేమీ సభకు వచ్చితిమి. వ్యాధి నయము చేయుట సాధ్యము కాకపోవచ్చును. పరిచర్య సాధ్యము కాని దినము లేదు.

వకీలు వృత్తిలో నుండుటచే వీలునామాలు వ్రాయుటకై మేము రోగుల మంచములచెంతకు పోవుచుందుము. ఒక గ్రామమున క్యాన్సరుతో బాధపడుచున్న వృద్ధ రైతుకడకు పోయితిమి. “నాయనకు జబ్బు సంగతి తెలియదు, చెప్పకండి” అని కుమారులు గడపవద్దనే మమ్ము హెచ్చరించిరి. లోపల ఆ వృద్ధుడు మా చేయి పట్టుకొని, “వకీలుగారూ, నాకంతా తెలుసు. పిల్లలు బెంగపడతారని అడగను” అనెను. ఒకే కప్పుక్రింద ఒకరి దుఃఖమునొకరు దాచుకొని అందరును ఒంటరులైరి. కాగితముపై పొలము పంపకమైనది. ఆయన బాధను పంచుకొన్నవారు లేరు. ఆయన మనసున నున్నది భద్రాద్రి రాముని దర్శనమో, మాటలు మానిన తమ్ముని పలుకరింపో మేమును అడుగలేదు. ఆ లోపము నేటికిని మమ్ము బాధించుచున్నది.

నర్సుగా పనిచేసి, పిదప వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండనునగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించెను. దేహము, మనస్సు, సంసారము, ఆత్మ, ఈ నాలుగింటి బాధయు కలిసి ఒక్క బాధయేయని ఆమె బోధించెను. మన దేశమున 1986లో బొంబాయియందు శాంతి ఆవేదన సదనము వెలసెను. 1993లో కోళిక్కోడున మొదలైన క్లినిక్కు వెంట కేరళమున ఇరుగుపొరుగువారే సేవకులైరి. హైదరాబాదున 2011లో స్పర్శ్ హాస్పిస్ ఏర్పడెను. ప్రభుత్వమువారు ‘ఆలన’ పేర నెలకొల్పిన ఉపశమన కేంద్రములలో మన ఖమ్మము కేంద్రము నొకటి.

నొప్పితో కేకలు వేయువానికి వేదాంతము చెవికెక్కదు. మొదట నొప్పి తగ్గవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దొంగవ్యాపారము నరికట్టుటకు పుట్టినది. కాని దాని నిబంధనలకు జడిసి ఆసుపత్రులు మార్ఫీనును ఉంచుట మానగా, ఆ శిక్ష నిరపరాధియైన రోగిపై పడెను. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి అనుమతులను సులభము చేసెను. కావున వైద్యుని సలహాపై ఆ మందు నడుగుట రోగికి సిగ్గు కాదు, నేరము కాదు.

ఇక మిగిలినది చేతిపని. ఎండిన నోటిని తడుపుట, పుండును కడుగుట, ఒరిపిడి పుండ్లు పడకుండ ప్రక్క మార్చుట, ఇవియే మొదటి సేవ. పిదప మంచముప్రక్కన కూర్చుండి, “మీకు దేనిగురించి దిగులు? ఎవరిని చూడవలెనని యున్నది?” అని అడిగి, చెప్పినది వినుట. అబద్ధపు ఆశ వలదు, అడుగని ధర్మబోధయు వలదు. రాత్రులు నిద్రలేక సేవచేయు ఆ ఇంటి కోడలికి ఒక్క పూట విశ్రాంతి నిచ్చుటయు రోగిసేవయే.

చావు ఇంటికి ఊరంతయు కదలివచ్చుట మన ఆచారము. ఆ మనిషి వినగలుగు దినములలోనే నలుగురు వచ్చిన నెంత మేలు! ఈ మందిరమునకు వచ్చువారిలో పదిమంది వారమునకు రెండు గంటలు ఇందుకై విడువుడు. ఆ పదిమందిలో మొదటి పేరుగా మా పేరు వ్రాసికొనుడు.