చెట్టు ఉమ్మెత్త: చల్లని కొండలనుండి చేవెళ్ల ఎండలకు

(ఉపన్యాస పాఠము)



ఉమ్మెత్త నెరుగని పల్లె తెలుగునాట లేదు. దిబ్బలమీద, పాడుగోడల ప్రక్కన, ఎవరును నాటకయే అది మొలచును. పువ్వు ఆకాశమువైపు నోరు తెరచియుండును, కాయనిండ ముండ్లు. శివునికి ప్రియమని పూజకు తెత్తురు. వినాయకచవితినాటి 21 పత్రులలో దత్తూరపత్రము ఒకటి. ఈ ఉమ్మెత్తకు చెట్టంత ఎదుగు చుట్టమొకటి కలదు. దాని శాస్త్రీయనామము బ్రగ్మాన్సియా. తెలుగులో చెట్టు ఉమ్మెత్త యన్నచో వినినవారికి వెంటనే రూపము కన్నులకు కట్టును గనుక ఇచ్చట ఆ పేరే వాడబడినది.

చేవెళ్ల బాటకు ఇరువైపుల నున్న మర్రిమానులను నిత్యము చూచువారికి ఇది చెట్టనిపించకపోవచ్చును. సామాన్యముగా 10, 15 అడుగుల ఎత్తు; నేల, నీరు కుదిరినచో 20 అడుగులు దాటును. అయినను దాని సొగసు ఎత్తులో లేదు. జానెడు మొదలు మూరెడు వరకు పొడవుగల పువ్వులు గుడిగంటలవలె తలక్రిందులుగా వ్రేలాడును. తెలుపు, లేతపసుపు, గులాబి, నారింజ రంగులు. ఒక్క విడతలో పదులకొలది, పెద్దచెట్టునకు వందలకొలది, ఒక్కసారిగా విచ్చుకొనును. చాల జాతులకు సాయంకాలము దీపాలు పెట్టువేళకు పరిమళము మొదలగును. తిరిగి కొన్నాళ్లు ఆకులే. మరల ఒక విడత పూత. ఉమ్మెత్తకును దీనికిని భేదము తెలిసికొనుట సులభము: దీని పువ్వు నేలచూపు చూచును, కాయకు ముండ్లుండవు, కాండము మానై ఏండ్లకొలది నిలుచును.

లినేయసు 1753లో దీనిని ఉమ్మెత్తజాతిలోనే చేర్చెను. 1805లో పెర్సూన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసి, డచ్చి ప్రకృతిశాస్త్రజ్ఞుడైన బ్రగ్మన్స్ పేర బ్రగ్మాన్సియా యని పిలిచెను. తరువాతివారు మరల ఉమ్మెత్తలోనే కలిపిరి. 1973లో లాక్‌వుడ్ అను అమెరికను పండితుడు రెండును వేరువేరని నిరూపించిన పిమ్మట ఆ వాదము సద్దుమణిగినది. నేడు ఏడు జాతులను లెక్కింతురు. అన్నిటికిని పుట్టిల్లు దక్షిణ అమెరికా. విచిత్రమేమనగా, ఆ పుట్టింటి అడవులలో ఈ ఏడింటిలో ఒక్కటియు స్వేచ్ఛగా బ్రతికి లేదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము నిర్ణయించినది. వీని గింజలను వెదజల్లు జంతువేదో పూర్వమే నశించియుండునని కొందరి ఊహ. నేడు ప్రపంచమందున్న చెట్టు ఉమ్మెత్తలన్నియు మానవుడు కొమ్మ విరిచి ఒక పెరటినుండి మరొక పెరటికి చేర్చినందున మిగిలినవే.

పెంచదలచినవారు మొట్టమొదట అడుగవలసినది చెట్టు ధర కాదు, దాని పుట్టినచోటు. ఏడు జాతులును ఒక్కచోటివి కావు. సాంగ్వినియా యను ఎర్రపువ్వుల జాతి ఆండీస్ పర్వతములలో మిక్కిలి ఎత్తున పుట్టినది. ఆ సీమలోని క్విటో నగరము సముద్రమట్టమునకు సుమారు 2,850 మీటర్ల ఎత్తుననున్నది; అచ్చట సంవత్సరము పొడవున పగలు హాయి, రాత్రి చలి. ఆర్బోరియా, వల్కనికోలా జాతులును చలిని కోరునవే. సువావియోలెన్స్ బ్రెజిల్ ఆగ్నేయతీరపు వెచ్చని అడవులది. వెర్సికొలర్ ఈక్వడార్ పల్లపుభూములది. ఇన్సిగ్నిస్ ఆండీస్ తూర్పుపాదములది. మిగిలిన ఆరియా చలికిని వేడికిని నడుమ నిలుచునది. కనుక చేవెళ్లలో సాంగ్వినియా నాటుట నీటిచేపను గట్టుమీద పెంచుట వంటిది. నర్సరీవారు ఎర్రపువ్వు బొమ్మ చూపినంతనే మోసపోరాదు. సువావియోలెన్స్, వెర్సికొలర్, ఇన్సిగ్నిస్, వీని సంకరములు, ఇవియే ఈ పీఠభూమికి తగినవి.

ఆ జాతులకు సైతము ఒక నియమము కలదు. చెట్టు పగటి ఎండను నీడతో, నీటితో తట్టుకొనగలదు; తట్టుకొనలేనిది వేడిరాత్రి. పగలు వాడిన ఆకు రాత్రి చల్లదనములో తేరుకొనవలెను. ఆ తెరపి దొరకనప్పుడు చెట్టు చావదు గాని పూత మానివేయును. కట్టిన మొగ్గలను రాల్చును. దేశదేశములలో దీని నడవడి అంతయు ఈ ఒక్క సూత్రమునకు లోబడియున్నది. నీలగిరులలోని ఉదకమండలము 2,200 మీటర్ల పైచిలుకు ఎత్తున నున్నది. కొడైకెనాలు, డార్జిలింగులును ఎత్తైన చల్లని సీమలే. అచ్చట ఇది వీధిప్రక్కల, ఇండ్ల కంచెలలో తనంతట తానే అల్లుకొనిపోవును. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో తీరమునందు సముద్రపు పొగమంచు రాత్రులను చల్లబరచుటచే దాదాపు సంవత్సరమంతయు పూచును. ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగువారు పొరుగువారి ముంగిళ్లలో దీనిని చూచియేయుందురు. టెక్సాసులోని డాలసునందు వేసవిరాత్రులు హైదరాబాదు మే నెలను తలపించును గనుక వేసవిలో పూత సన్నగిల్లును. శీతకాలమున నీరు గడ్డకట్టు చలికి కొమ్మలు నల్లబడి కూలును. వేరు మిగిలినచో వసంతమున తిరిగి చిగుర్చును. జర్మనీ, ఇంగ్లండు దేశములవారు దీనిని పెద్దతొట్టెలలో పెంచి, చలికాలమంతయు నేలమాళిగలో దాచి, మే నెలలో బయటికి తెత్తురు. చంటిబిడ్డను ఎత్తుకొని తిరిగినట్లు ఒక చెట్టును ఏటేట రెండుసార్లు మోయుట! తెలుగునాట అరకులోయ సుమారు 900 మీటర్లు, హార్స్‌లీ కొండలు సుమారు 1,250 మీటర్లు. దీనికి అనువైన తావులు వెదకువారు మొదట అట్టి సీమలనే తలపవలెను. కోస్తాతీరమున ఉక్కపోత రాత్రులు తగ్గిన శీతకాలముననే మంచిపూత నాశింపవలెను.

ఇక చేవెళ్ల, మొయినాబాదులు. ఎత్తు సుమారు 600 మీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును, రాత్రియు చల్లబడదు. కాని దసరా దాటిన తరువాత రాత్రులు త్వరత్వరగా చల్లబడును. మార్గశిర, పుష్యమాసములలో చలి బాగుగ నుండును, అయినను నీరు గడ్డకట్టునంతటిది కాదు. ఆ నాలుగైదు నెలలే ఈ చెట్టుకు పండుగ. వేసవిలో దానిని పూయించు ప్రయత్నము వ్యర్థము. బ్రతికించుటయే అప్పటి పని. ఈ మండలముల రైతులకు ఇట్టి ఉపాయములు క్రొత్తవి కావు. పాలీహౌసులలో గులాబీని, దక్షిణాఫ్రికానుండి వచ్చిన జెర్బెరాను నీడవలలతో, నీటితుంపరలతో మరపించి పూయించి, గుడిమల్కాపురు మార్కెట్టుకు పంపుచున్నవారు వారే. అయితే ఈ పువ్వు మార్కెట్టుది కాదని ముందే చెప్పుట న్యాయము. కోసిన కొంతసేపటికే వడలును, దండకు పనికిరాదు, విషము. దీనిని పెంచుట కంటికొరకు, ముక్కుకొరకు మాత్రమే.

కొమ్మ నాటుటకు తొలకరి మంచికాలము. బొటనవ్రేలి లావున, జానెడు పొడవున, కొంచెము ముదిరిన కొమ్మను కోసి, పెద్ద ఆకులు తీసివేసి, ఇసుక కలిపిన మట్టిలో నీడపట్టున గ్రుచ్చినచో మూడు నాలుగు వారములలో వేరుపట్టును. ఇచ్చట ఒక మర్మము కలదు. తెలియక చాలమంది సంవత్సరము పోగొట్టుకొందురు. ఈ మొక్క మొదట ఒంటికాండముగా నిట్టనిలువున పెరుగును. ఒక ఎత్తునకు చేరిన తరువాత పంగలకర్రవలె రెండుగా చీలును. ఆ పంగ ఏర్పడిన తరువాతనే, దాని పైభాగముననే, పువ్వులు పుట్టును. పంగకు పైనున్న కొమ్మను తెచ్చి నాటినచో మొక్క త్వరలో పూచును గాని పొదవలె పొట్టిగా నుండును. క్రింది కాండమునుండి తెచ్చినది ఆలస్యముగా పూచును గాని పెద్దచెట్టగును. ఆకును చూచియు గుర్తింపవచ్చును: పంగకు పై ఆకులు తొడిమవద్ద ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా నుండును, క్రింది ఆకులు రెండువైపుల సమానము. పెద్దచెట్టు కావలెనన్నవారు క్రిందికొమ్మను నాటి, ఊతకర్ర కట్టి, ప్రక్కపిలకలను గిల్లివేయుచు, తలయెత్తు దాటినదాక ఓపికపట్టవలెను. కత్తిరించునపుడు ఎన్నడును పంగకు దిగువన కోయరాదు. కోసినచో చెట్టు మరల పెరిగి మరల చీలవలెను; ఆ ఏటి పూత పోయినట్లే.

తావు విషయము: ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నమునకు నీడ వచ్చు ఇంటి తూర్పువైపు శ్రేష్ఠము. జూన్, జూలై నెలలలో పడమటిగాలి బలముగా వీచునపుడు వెడల్పాటి ఆకులు చినుగును, పెళుసుకొమ్మలు విరుగును. గోడ అడ్డముండుట మంచిది. చలకనేల నీటిని నిలుపదు గనుక గోతిలో పశువుల పెంట దండిగా వేయవలెను. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లును గనుక కట్టపోసి నాటవలెను. ఇది తిండిపోతు మొక్క. ఆముదపు పిండి, వేరుసెనగ పిండి నెలకొకసారి కొద్దికొద్దిగా వేసినచో సంతోషించును. యూరియా అదేపనిగా చల్లినచో ఆకులు చేటలంత పెరిగి పువ్వులు మాయమగును.

నీటి సంగతి కొంత వివరముగా చెప్పదగినది. బోరుబావులు వేసవిలో ఎండు ఊళ్లలో ఒక అలంకారపు చెట్టుకు రోజుకు బిందె, రెండు బిందెల నీరు పోయుట తగునా యను ప్రశ్న సహజము. గిన్నెలు కడిగిన నీరు సబ్బు ఎక్కువ లేకున్నచో చాలును. బియ్యము కడిగిన నీరు మరియు మంచిది. మొదట జొన్నచొప్పయో, వేరుసెనగ పొట్టో జానెడు మందమున పరచినచో సగము నీరు మిగులును. మధ్యాహ్నము ఆకులన్నియు తడిబట్టలవలె వ్రేలాడుట చూచి గాభరాపడి నీరు పోయువారు కలరు. నేలలో వ్రేలు గ్రుచ్చి చూడవలెను. తడి యున్నచో అది దాహము కాదు, ఎండకు చెట్టు చేసికొన్న ఉపాయము; సాయంకాలమునకు తానే లేచును. అప్పుడు పోసిన నీరే వేరును కుళ్లబెట్టును. నీటి కరవు తీవ్రమైన ఏడు ఈ చెట్టును తొట్టిలో చిన్నదిగా నుంచుట వివేకము.

ఎండకాలమున ఆకు అడుగున ఎర్రనల్లి చేరును. ఆకు దుమ్ముపట్టినట్లు పాలిపోవును. అడుగుభాగమునకు నీటిని జోరుగా చల్లుట, అవసరమైనచో వేపనూనె చల్లుట దానికి చాలును. కాని చెట్టు ఉమ్మెత్త టమాట, వంగ, మిరపల కుటుంబమునకు చెందినదని మరువరాదు. వాని తెగుళ్లు దీనికి, దీని తెగుళ్లు వానికి పాకగలవు. కూరగాయల సాగు జీవనాధారమైన చేవెళ్ల ప్రాంతమున టమాటమడి గట్టున దీనిని నాటుట సరదాకు పంటను పణము పెట్టుటయే.

అన్నిటికంటె ముఖ్యమైనది విషము. ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నియు విషమే. అట్రోపిన్, స్కోపలమైన్, హయోసయమిన్ అను పదార్థములు అందులో కలవు. వైద్యుల చేతిలో ఇవియే మందులు. కంటిపాప విప్పుటకు అట్రోపిన్ వాడుదురు. స్కోపలమైన్ కొరకు ఈక్వడారులో ఈ చెట్లను తోటలుగా పెంచుట కలదు. వైద్యము తెలియని చేతిలో ఏమగునో చెప్పుటకు చరిత్ర చాలును: 19వ శతాబ్దములో బాటసారుల తిండిలో ఉమ్మెత్తగింజలు కలిపి, మతి తప్పినవారిని దోచుకొన్న దొంగల కథలు ఆనాటి ప్రభుత్వ రికార్డులలో ఎన్నియో కలవు. ఇది ఆ ఉమ్మెత్తకు తోబుట్టువే. తిన్నవారికి నోరు ఎండును, ముఖము ఎర్రబారును, కంటిపాపలు పెద్దవగును, గుండె వేగముగా కొట్టుకొనును, జ్వరము వచ్చును, లేనివి ఉన్నట్లు మాటలాడుదురు. నాటువైద్యముతో కాలము గడపక, ఒక ఆకును వెంటతీసికొని వెంటనే దవాఖానకు పోవలెను. కొమ్మ కోసిన చేతితో కన్ను నలుపుకొన్నను పాప విప్పారి చూపు మసకబారును. కనుక కోతపని ముగిసినంతనే చేతులు సబ్బుతో కడుగవలెను.

పల్లెలో భయపడవలసినది ముఖ్యముగా పిల్లలను గూర్చి. బూరవంటి పువ్వును చూచి పెదవులకు పెట్టుకొని ఊదుటకు ఏ పిల్లవాడు ఉబలాటపడడు? చవితి ముందురోజు పత్రికై తిరుగు పిల్లలకు దీని ఆకును దత్తూరమని ఇచ్చుట తగదు. బడి ఆవరణములో, అంగన్‌వాడీ వద్ద, శివాలయపు ముంగిట, చేదబావి గట్టున దీనిని నాటరాదు. గ్రంథాలయ ప్రాంగణమునకు సైతము పారిజాతము తగును గాని ఇది తగదు. కోసిన కొమ్మలను మేకలు, పశువులు మేయుచోట పారవేయక, కాల్చక, గోతిలో పూడ్చవలెను. అయినను విషమను పేరుతో దీనిని ఊరినుండి వెలివేయవలెననుట అతివాదము. గన్నేరు విషము కాదా? అది లేని పెరడెచ్చట? గన్నేరును ఎవరును నోట పెట్టరు. తాతల కాలమునుండి పిల్లలకు చెప్పియుంచిన మాట కాపాడుచున్నది. చెట్టు ఉమ్మెత్త క్రొత్తది గనుక ఆ మాట ఇంకను ఇండ్లలో పుట్టలేదు. మొక్కను ఇచ్చువారు ఆ మాటను కూడ కలిపి ఇయ్యవలెను.

పెద్దలు మాత్రమే మసలు పెరటిలో, పడకగదికి కొంచెము దూరముగా, రెండవయేటి చెట్టును దసరా నాటికి గమనించుచుండవలెను. పంగలలో వ్రేలిపొడవు పచ్చని మొగ్గలు తలవంచి కనిపించినచో, రాత్రులు చల్లబడినట్లు చెట్టు గ్రహించినదన్నమాట. అక్కడినుండి నీరు తప్పింపరాదు, తొట్టిని చోటు మార్చరాదు, కత్తెర ముట్టరాదు. మూడు వారములలో దీపాలవేళకు మొదటి గంట విచ్చుకొనును.