బొమ్మల నడక - స్వయంశిక్షణ



జమాఖర్చులు వ్రాసికొను నాకు కార్యవర్గమువారు చిత్రమైన విషయము నొసగినారు. మన యువకులు కొందఱు హైదరాబాదు మాదాపురమునకు బోయి ‘మోషన్ గ్రాఫిక్సు’ నేర్వగోరుచున్నారు. శిక్షణరుసుము చెల్లింపలేనివా రా విద్యను స్వయముగా నేర్వగలరా యనునది ప్రశ్న.

అక్షరములను, రేఖలను, బొమ్మలను తెరపై నడిపించి భావము దెల్పుటయే యీ విద్య. తోలుబొమ్మలాటవారు తరతరములుగా జేయుచున్నది దీనికి చుట్టమే. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటవాసి, ఆ కళావేత్త దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. మాదాపురమున సైబర్ టవర్సు 1998లో వెలసినది. హైదరాబాదు సంస్థయైన గ్రీన్ గోల్డువారి ‘ఛోటా భీమ్’ 2008లో బయలుదేఱి దేశమునందలి పిల్లల నలరించినది. 2012 నాటి ‘ఈగ’ చిత్రమునకు దృశ్యమాయలకై జాతీయ పురస్కారము వచ్చినది. కావున ఈ విద్య మన నగరమునకు పరాయిది కాదు.

దీని మూలము లెక్కయే. చలనచిత్రమున సెకండునకు 24 చిత్రములు. పది సెకండ్లకు 240. అన్నియు చేతితో గీయనక్కఱలేదు. మొదటి నిలుకడను, తుది నిలుకడను మనము నిర్ణయించినచో నడిమి చిత్రములను కంప్యూటరు పూరించును. కాని వాని నడుమ ఎంత యెడముండవలెనో మనమే చెప్పవలెను. పైకెగురవేసిన బంతిని జూడుడు. శిఖరమున మందగించును, నేలకు జేరువగుకొలది వేగము హెచ్చును. కావున శిఖరమువద్ద చిత్రములు దగ్గఱగను, నేలవద్ద దూరముగను ఉండవలెను. ఈ యెడము దెలియనిదే బొమ్మకు ప్రాణము రాదు. తెలుగక్షరములను నడుపునప్పుడు తలకట్టును, వత్తును అక్షరమునుండి చెదరనీయరాదు. చదువరి చదువుకొనునంతసేపు వానిని నిలుపవలెను.

గురువు లేనివానికి గల పెద్ద లోటు, తప్పిది యని చూపువాడు లేకుండుట. కావ్యములను గురువు లేకయే చదువుకొన్న నేనొక పద్ధతి నవలంబించితిని. పద్యమునకు ముందుగా నాయంతట నేనే యర్థము వ్రాసికొని, పిమ్మట వ్యాఖ్యానము విప్పి సరిచూచుకొందును. ఇచటను అట్లే. మంచి చిత్రమునుండి మూడు సెకండ్ల భాగము నెన్నుకొని, దానిని స్వయముగా నిర్మించి, ఆ 72 చిత్రములను మూలముతో ఒక్కొక్కటిగా పోల్చుడు. ఎచట భేదము గానవచ్చునో అచటనే పాఠమున్నది. ఊరక నూఱు పాఠములు చూచుటకంటె ఇట్టి సాధనలు పది మేలు.

ఇక సాధనమునకు ధనమెట్లందురా? ‘బ్లెండర్’ అను కంప్యూటరు సాధనము పూర్తిగా ఉచితము. 2002లో దానిని సర్వజనుల సొత్తు చేయుటకై టోన్ రోసెండాల్ అను హాలెండు దేశస్థుడు చందా కోరగా, ఏడు వారములలో లక్ష యూరోలు సమకూడినవి. చందాల మహిమ మన గ్రంథాలయమునకు దెలియనిది కాదు.

కనుక నాదొక విన్నపము. ఈ రజతోత్సవ సందర్భమున పఠనమందిరమునం దొక కంప్యూటరు నుంచి, వంతులవారీగా పిల్లల కీయుడు. విద్యుత్తు ఖర్చు పెరుగునని కొందఱు శంకింపవచ్చును. పుస్తకములు కొన్ననాడును ఖర్చు పెరిగినది. దానిఫలమే నేటి యీ సభ. ఆ క్రొత్త పద్దు వ్రాయుటకు నా కలము సిద్ధముగా నున్నది.

సెలవు.