రోడ్డు జరిగింది సరే, మీ పొలం దారి జరిగిందా?

ఈ వారం ఇన్‌బాక్స్‌లో ఒకే రకం ప్రశ్న చాలాసార్లు వచ్చింది. "అన్నా, మా ఊరి దగ్గర హైవే మలుపు తీసేసి రోడ్డు స్ట్రెయిట్‌గా వేస్తున్నారు. పాత రోడ్డుకి వెళ్లే మా పొలం దారి ఉంటుందా, పోతుందా? కరెంటు స్తంభాలు ఎవరు మారుస్తారు?"

రోడ్డు జరిగితే దాంతోపాటు అన్నీ జరుగుతాయని మనం అనుకుంటాం. జరగవు. రోడ్డుకి ఒక కాగితం, మీ దారికి ఇంకో కాగితం, స్తంభానికి మూడో కాగితం.

పాత రోడ్డు ముక్క సంగతి ముందు చెప్పేస్తా. బండ్లు తిరగడం మానేసినంత మాత్రాన అది పక్క పొలం వాళ్లది అయిపోదు. పబ్లిక్ రోడ్డుని చట్టప్రకారం మూసేసేదాకా అది పబ్లిక్ రోడ్డే. కాబట్టి దాన్ని దున్నేసి కలుపుకోవద్దు, పక్కోళ్లు కలుపుకుంటుంటే చూస్తూ ఊరుకోవద్దు.

ఇప్పుడు అసలు గొడవ. మీ పొలం లోపల ఉంది. రోడ్డెక్కాలంటే పక్కాయన గట్టు మీదుగా వెళ్లాలి. ఈ దారి హక్కునే డాక్యుమెంట్లలో ఈజ్‌మెంట్ అని రాస్తారు. దీనికి చట్టం 1882 నాటిది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి నుంచి కోస్తా, సీమ జిల్లాల్లో నడుస్తోంది. కొత్త రోడ్డు మీ పొలం వెనక నుంచి వచ్చిందనుకోండి. పక్కాయన వెంటనే, "నీకు వెనక రోడ్డు వచ్చిందిగా, ఇక నా గట్టు తొక్కకు" అంటాడు. అనొచ్చా?

మీ హక్కు ఎలా పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకప్పుడు రెండు పొలాలూ ఒకరివే అయ్యి, అమ్మినప్పుడో పంచుకున్నప్పుడో మీ వాటాకి వేరే దారి లేక ఏర్పడిన దారి అయితే, అది అవసరం కొద్దీ వచ్చిన హక్కు. సెక్షన్ 41 ప్రకారం అవసరం తీరితే హక్కూ తీరిపోతుంది. కానీ దస్తావేజులో రాసిచ్చిన దారి అలా పోదు. 20 ఏళ్లు అందరికీ తెలిసేలా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచి సంపాదించిన దారీ కొత్త రోడ్డు వచ్చిందన్న ఒక్క కారణంతో పోదు. ప్రభుత్వ భూమి మీద అయితే ఆ గడువు 30 ఏళ్లు. ఇక్కడ "హక్కుగా" అన్న మాట పట్టుకోండి. "బాబాయ్, ఈ దారిన పోతున్నాం" అని ఏటా అడిగి నడిస్తే అది ఆయనిచ్చిన పర్మిషన్. నలభై ఏళ్లు నడిచినా హక్కు అవ్వదు. మన ఊళ్లలో మర్యాద కొద్దీ అడుగుతూనే ఉంటాం కదా, తర్వాతి తరం కోర్టులో ఇరుక్కునేది అక్కడే.

ఇంకో మెలిక. వెనక రోడ్డు వచ్చింది అంటే దారి వచ్చినట్టు కాదు. నేషనల్ హైవే అయితే, 2002 చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా బండితో ఎక్కే హక్కు ఎవరికీ లేదు. పొలం పక్కనే ఆరు లైన్లు కనిపిస్తాయి, మధ్యలో కంచె. సర్వీస్ రోడ్డు లేకపోతే మీ అవసరం తీరనట్టే అని నా వాదన. పక్కాయనతో మాట్లాడేటప్పుడు ఇది గట్టిగా చెప్పండి.

అలాగని కొత్త రోడ్డు దగ్గరవుతుందని మీ దారిని మీరే ఆయన పొలంలో ఇంకో వైపుకి మార్చేసుకోలేరు. సెక్షన్ 23 మినహాయింపులో స్పష్టంగా ఉంది: ఆయనకి అదనపు భారం పడకపోయినా సరే, నడిచే లైను మీ ఇష్టానికి మార్చకూడదు. ఒప్పుకుంటే రాయించుకోండి, రిజిస్టర్ చేయించండి.

స్తంభాలకి వద్దాం. హైవే పనికి అడ్డొచ్చేవి ప్రాజెక్టు ఖర్చుతోనే మారుస్తారు. చిక్కేంటంటే వాటిని తీసి ఎక్కడ పాతుతారు? చాలాసార్లు మీ పొలంలోనే. 2006 నాటి కేంద్ర రూల్స్ ప్రకారం మామూలు కరెంటు లైనుకి భూమి యజమాని ఒప్పుకోవాలి. మీరు అభ్యంతరం చెబితే వాళ్లు కలెక్టర్ స్థాయిలో రాతపూర్వక పర్మిషన్ తెచ్చుకోవాలి. పెద్ద టవర్ లైన్లకి ప్రత్యేక అధికారాలు ఉంటాయి, అక్కడ మీ పోరాటం నష్టపరిహారం మీదే. నోటితో "వద్దు సార్" అంటే లెక్కలోకి రాదు, కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.

బోరు ఒకవైపు, పొలం రెండోవైపు మిగిలే వాళ్లు ఇంకా తొందరపడాలి. భూమి లోపలి పైపు సర్వేయర్ కంటికి కనపడదు. జాయింట్ సర్వేకి వచ్చినప్పుడు మీరే నిలబడి చూపించి రాయించాలి. రోడ్డు కింద పైపు వెళ్లడానికి ఒక తూము అడగండి. మట్టి కట్ట పోసి తారు వేశాక ఆ రోడ్డు కోయనివ్వమంటే ఎవరూ ఒప్పుకోరు.

గడువు చూసుకోండి. నేషనల్ హైవేస్ చట్టంలో 3ఏ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. ఆ నోటిఫికేషన్ వివరాలు రెండు పేపర్లలో వేస్తారు, ఒకటి తెలుగులో ఉంటుంది. తర్వాత 3డీ వస్తే భూమి ఎలాంటి భారాలూ లేకుండా కేంద్రానికి వెళ్తుంది. ఆ ముక్క మీద మీ దారి హక్కు ఉంటే అదీ వెళ్లినట్టే. అయితే 3జీ రెండో సబ్‌సెక్షన్ ఒకటి ఉంది, దీని గురించి ఊళ్లో ఎవరూ చెప్పరు: ఈజ్‌మెంట్ లాంటి హక్కుని తీసుకుంటే, ఆ భూమికి కట్టిన విలువలో 10 శాతం లెక్కగట్టి యజమానికీ, అనుభవ హక్కు దెబ్బతిన్న వాళ్లకీ ఇవ్వాలి. భూమి పక్కాయనదైనా దారి మీదైతే మీరూ క్లెయిమ్ వేయొచ్చు. దారి ఉన్నట్టు చూపించడానికి పాత దస్తావేజులో హద్దులు, ఎఫ్‌ఎంబీ కాపీ, దారి కనిపించే ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ఫొటోలు ఇప్పుడే తీయండి, జేసీబీ దిగాక ఆ గట్టు ఉండదు.

స్టేట్ రోడ్డు, పంచాయతీ రోడ్డు అయితే భూసేకరణ చట్టం వేరు, గడువులు వేరు. అది వచ్చే ఎపిసోడ్‌లో. మీ ఊళ్లో ఏ రోడ్డు ఎటు జరుగుతోందో కామెంట్‌లో రాయండి, సర్వే నంబర్లు మాత్రం పబ్లిక్‌గా పెట్టకండి.