రక్తపింజరి కాటు: నాళములలో రక్తపు గడ్డ



రాయచూరు జిల్లాలో తుంగభద్ర యెడమకాలువ క్రింద వరి పండించు మనకు రక్తపింజరి క్రొత్తది కాదు. విశాఖపట్టణమున పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో దీనిని ‘కాటుక రేకుల పొడ’ యను తెలుగు పేరుతోనే గ్రంథస్థము చేసెను.

గాయమైనచోట రక్తము గడ్డకట్టుట ప్రాణరక్షణము. నాళములలోపల గడ్డకట్టుట ప్రాణాపాయము. ఈ పాము విషము సన్నని నాళములలో గడ్డలను పుట్టించి మూత్రపిండములను చెరచును. గడ్డకట్టించు పదార్థములు అందే వ్యయమగుటచే, పిదప చిగుళ్లనుండి రక్తము ఆగక కారును. వైద్యులు రోగి రక్తమును గాజుగొట్టములో 20 నిమిషములు కదపక యుంచి పరీక్షింతురు, గడ్డకట్టనిచో విషమెక్కినట్లే.

విరుగుడు సూదిమందు రక్తములో తిరుగు విషమును అణచును గాని, చెడిన మూత్రపిండమును బాగుచేయజాలదు. కావున కట్టు బిగించుట, గాటు పెట్టుట, మంత్రములతో కాలము గడపుట మానుదము. కాటుపడిన అవయవమును కదల్పక, వెంటనే ఆసుపత్రికి చేర్చుదము.