విరిగిన ఎముకలు, తొలగిన కీళ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇట్టి ఉత్సవ సభలలో సాహిత్యమును గూర్చి గాని, గ్రంథాలయోద్యమమును గూర్చి గాని ప్రసంగించుట పరిపాటి. కార్యదర్శిగారు మాత్రము నన్ను పిలిచినప్పుడు, "మీ విద్యను గూర్చియే చెప్పుడు, తోటపని చేయువారు కూడ వత్తురు" అనిరి. శస్త్రవైద్యునకు ఇంతకంటె ప్రియమైన ఆజ్ఞ లేదు.

నూజివీడు ప్రాంతమున మామిడి కోతలు మొదలైనది మొదలు ముగియువరకు ఎముకల వైద్యునకు తీరిక దొరకదు. చిన్నరసమైనను, పెద్దరసమైనను, బంగినపల్లియైనను, కాయ నేల రాలినచో దెబ్బ తగిలి మచ్చ పడును, ధర పోవును. అందుచేత చిక్కము కట్టిన గడతోనో, చెట్టెక్కి చేతితోనో దానిని మెల్లగా దింపుదురు. కాయ నేల తాకకుండ మనము పడు శ్రద్ధలో సగము కోయు మనిషి విషయమున పడినచో నేడు నా ఉపన్యాసము చాల కురుచగా ముగిసెడిది. పాతచెట్టు కొమ్మ పైకి పచ్చగానే యుండును, లోపల పురుగు తొలిచి డొల్లయై యుండును. మనిషి బరువు పడగానే అది ఫెళ్లున విరుగును.

పడినవాడు పాదములపై పడినచో మడమ ఎముక నలుగును. ఇక్కడ ఒక సంగతి మరువరాదు. మడమ నలిగిన వారిలో ఇంచుమించు పదిమందికి ఒకరికి వెన్నెముక కూడ చితికి యుండును. మడమ నొప్పి గొప్పది. దాని మాటున వెన్నునొప్పి వినబడదు. పడినవానిని చంకలు పట్టి లేవనెత్తి, నాలుగడుగులు వేయించి, "ఏమియు కాలేదు, నడుము పట్టినది" అనుట మన తోటలలో నేటికిని చూచుచున్నాము. ఆ నాలుగడుగులే కొందరికి జీవితమున చివరి అడుగులైనవి. విరిగిన వెన్నుపూస లోపలనున్న నరములను కోసినచో తిరిగి అతికించు విద్య ఇంకను లోకమున పుట్టలేదు.

ఎముక రాయివంటిదని చాలమంది తలంపు. నిజమునకు అది చెట్టువంటిది. పైన పొర యుండును, లోన మజ్జ యుండును, అంతటను రక్తము ప్రవహించుచుండును. విరిగినచోట ముందు రక్తము గడ్డకట్టును. రెండు మూడు వారములలో అది జిగురువంటి మెత్తని అతుకుగా మారును, పిమ్మట సున్నము చేరి గట్టిపడును. పెద్దలకు చేతి ఎముక అతుకుటకు సుమారు 6 వారములు, కాలి ఎముకకు సుమారు 12 వారములు పట్టును. పసివారికి అందులో సగము చాలును. ఇది స్థూలమైన లెక్క. కాబట్టి ఎముకను అతికించునది వైద్యుడు కాడు, శరీరమే. విరిగిన ముక్కలను స్థానమునకు తెచ్చుట, అతుకు పడువరకు కదలకుండ నిలుపుట, ఈలోగా ఆ అవయవమునకు రక్తము అందునట్లు చూచుట మాత్రమే మా పని.

ఈ సంగతిని మన పూర్వులెరుగుదురు. సుశ్రుతుడు కీలు తొలగుటను ఆరు విధములుగను, ఎముక విరుగుటను పండ్రెండు విధములుగను విభజించెను. మేడి, రావి, మోదుగు, మద్ది మొదలగు చెట్ల పట్టలను, వెదురును బద్దలుగా వాడుమనెను. చలికాలమున ఏడు దినములకొకసారి, వేసవిలో మూడు దినములకొకసారి కట్టు విప్పి మరల కట్టుమనెను. కట్టు వదులైనచో కీలు నిలువదు, మిక్కిలి బిగించినచో వాపు, నొప్పి, చీము కలుగునని హెచ్చరించెను. కాలు విరిగినవానికి అతడు విధించిన పడక పేరు కపాటశయనము. అనగా తలుపు చెక్కవంటి గట్టి పడక. తోటలో పడినవానిని మోయుటకు నేటికిని అంతకంటె మంచి సాధనము చేతికి దొరకదు. పంపుసెట్టు గదికి తలుపు రెక్క యున్నచో ఊడదీయుడు.

ఆ పరంపరకు చెందినదే పుత్తూరు కట్టు. చిత్తూరు సీమలో పుత్తూరు దగ్గర రాచపాలెమున ఒక కుటుంబమువారు తరతరములుగా ఆకుపసరు, గ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్టు కట్టుచున్నారు. నూరేండ్లకు మించిన ఖ్యాతి అది. ఇతర రాష్ట్రములనుండియు జనులు వత్తురు. దానిని హేళన చేయు వైద్యులను నేనెరుగుదును, వారితో నాకు పొత్తు కుదరదు. తెల్లసొన ఆరి బిగిసిన గుడ్డ, మా పిండికట్టు రెండును ఒకే పని చేయును. మన పిండికట్టును 1851-52 ప్రాంతమున కనిపెట్టినవాడు హాలెండు సైనిక వైద్యుడు మాటిసెన్. ఎముక స్థానము తప్పనిచోట, ముఖ్యముగా పిల్లలలో, ఏ కట్టైనను ఫలించును. పిల్లల ఎముక కొంత వంకర అతికినను పెరుగుచు సరిదిద్దుకొనును. చేయివాసి గలవాడను పేరు పొందిన కట్టువాని కీర్తిలో పెద్ద పాలు ప్రకృతిదే. నా కీర్తిలోను కొంత పాలు దానిదే యని మనవి చేయుచున్నాను.

ఇక కట్టు హద్దు ఎక్కడ ముగియునో చూతము. పదేండ్ల పిల్లవాడు కొమ్మమీదినుండి చేయి చాపి పడెననుకొనుడు. మోచేతికి కొంచెము పైన ఎముక విరుగును. సరిగా ఆ ఎముక ముందుగానే చేతికి రక్తమిచ్చు పెద్దనాళము పోవుచున్నది. లోపల వాపు పెరుగుచుండును, పైన బద్దలు బిగించి గట్టిగా కట్టుదురు. రాత్రి పిల్లవాడు ఏడ్చును. "మందు పట్టుచున్నది, ఓర్చుకో" అందురు. వ్రేళ్లు తిమ్మిరెక్కును, చల్లబడును. రక్తమందని కండ సుమారు 6 గంటలకు మించి బ్రతుకదు. తెల్లవారుసరికి ఏడ్పు ఆగును, అందరు సంతోషింతురు. ఆ నొప్పి తగ్గినది నరము చచ్చుటవలన! కొన్ని నెలలకు ఆ చేయి పక్షిగోరువలె ముడుచుకొనిపోవును, కలము గాని కొడవలి గాని పట్టదు. జర్మనీ వైద్యుడు ఫోక్మన్ దీనిని 1881లోనే వర్ణించెను, గట్టి కట్లే కారణమనెను. మా పిండికట్టువలనను ఇదే ఆపద రావచ్చును. కట్టు ఎవరు కట్టిరను ప్రశ్న కాదిది.

కాబట్టి తల్లులారా, ఈ గురుతులు జ్ఞాపకముంచుకొనుడు. కట్టు ఎప్పుడును వ్రేళ్ల కొసలు కనబడునట్లుండవలెను. గోరు నొక్కి వదలినచో తెల్లనై వెంటనే ఎర్రబడవలెను. వ్రేళ్లను మీరు మెల్లగా చాపినప్పుడు పిల్లవాడు కెవ్వుమన్నను, నొప్పి గంటగంటకు పెరిగినను, తెల్లవారువరకు ఆగరాదు. కట్టు ఆ క్షణముననే కత్తిరించి ఆసుపత్రికి కదలవలెను. ఎముక మరల జరిగినను దిద్దవచ్చును, చచ్చిన కండను దిద్దలేము.

శస్త్రచికిత్స యనగానే మనవారు జంకుదురు. ఒకప్పుడు ఆ జంకు న్యాయమే. చర్మము చీలి ఎముక బయటపడిన గాయమునకు నూటయేబదేండ్ల క్రిందట సాధారణముగా దొరకు వైద్యము ఆ అవయవమును కోసివేయుటయే. లేనిచో చీముపట్టి మరణము. 1865 ఆగస్టులో గ్లాస్గో నగరమున జేమ్స్ గ్రీన్‌లీస్ అను 11 ఏండ్ల బాలుని కాలిపై బండిచక్రమెక్కి ఎముక విరిగి గాయమేర్పడెను. జోసెఫ్ లిస్టరు ఆ గాయమును కార్బాలిక్ ఆమ్లముతో కడిగి, అదే మందులో తడిపిన గుడ్డ కట్టెను. చీము పట్టలేదు, ఆరు వారములకు కాలు అతికినది. శరీరమును తెరచి ఎముకను తాకు ధైర్యము వైద్యునకు ఆ బాలుని కాలితో వచ్చినది. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టుటతో తాకకముందే చూచు వీలును కలిగెను.

తొడ ఎముక సంగతి వేరుగా చెప్పవలెను. అది విరిగినచో తొడలోపలనే లీటరు, లీటరున్నర రక్తము చేరవచ్చును. పైకి చుక్కయైన కనబడదు. మనిషిలో నున్న మొత్తము రక్తము 5 లీటర్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధారంభమున తుపాకి దెబ్బకు తొడ విరిగిన సైనికులలో నూటికి 80 మంది వరకు చనిపోయిరనియు, థామస్ బద్ద యను సాదా ఇనుప చట్రముతో కాలిని చాచి కట్టి మోసినపిమ్మట ఆ సంఖ్య 20కి లోపు దిగెననియు చెప్పుదురు. కదలకుండ కట్టుటలోనే అంత ప్రాణమున్నది.

తరువాత అట్టివారిని మంచముపై పరుండబెట్టి, కాలికి బరువు వ్రేలాడదీసి, మంచము కోళ్లక్రింద ఇటుకలు పెట్టి రెండు మూడు నెలలు ఉంచెడివారు. 1939-40లో జర్మనీలోని కీల్ నగరమున గెర్హార్డ్ కూంచర్ అను వైద్యుడు తొడ ఎముక మజ్జగొట్టములోనికి నిలువునా ఒక ఉక్కు మేకు దింపెను. తోటివారు మజ్జ పాడగునని గగ్గోలుపెట్టిరి. యుద్ధము ముగిసి జర్మనీ చెరనుండి విడుదలయైన సైనికులు ఇండ్లకు చేరి ఎక్స్‌రే తీయించుకొనగా, తొడలో మూరెడు ఇనుము కనబడి శత్రుదేశముల వైద్యులు నివ్వెరపోయిరి. నేడు మనవారు "రాడ్డు వేసిరి" అనునది దాని సంతతియే. చిన్న గాటునుండి, ఎక్స్‌రే తెరపై చూచుచు రాడ్డు దించి, పైన క్రింద స్క్రూలతో బిగింతుము. రోగి మరునాడే లేచి కూర్చుండును. మూడు నెలలు మంచమున పడియుండిన కూలివాని యిల్లు ఏమగునో మీకు తెలియును. అందుచేత ఈ మేకును నేను గొప్ప ఆవిష్కరణగా ఎన్నుదును.

కీలులోపలికి పగులు పోయినచోట ప్లేటు, స్క్రూలు వేయుదుము. కీలు ముఖము అద్దమువలె నునుపైనది. అందులో మెట్టు మిగిలినచో కొన్నేండ్లకే అరుగును. 1958లో 13 మంది స్విట్జర్లాండు వైద్యులు కూడి ఈ పద్ధతికి నియమములు ఏర్పరచిరి. చీముపట్టి అతుకని ఎముకకు సోవియట్ దేశమున కుర్గాన్ పట్టణములో ఇలిజారోవ్ చూపిన కడియముల పద్ధతి కలదు. సైకిలు చువ్వలవంటి తీగలతో కాలిచుట్టు కడియములు బిగించి, దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముకను పెంచుదురు. ఓపిక వైద్యునికంటె రోగికే ఎక్కువ కావలెను.

అన్నిటికిని కత్తి అక్కరలేదు. మెడదగ్గరి జత్రువు, పిల్లల ముంజేయి పెక్కుసార్లు కట్టుతోనే అతుకును. "ఎందుకు చేయవలెను? చేయకున్న ఏమగును?" అని వైద్యుని నిర్భయముగా అడుగుడు. సమాధానము చెప్పుటకు విసుగుకొనువానివద్ద లేచి రండు.

కీళ్ల సంగతి. భుజము తొలగినచో కబడ్డి బరిలోనే నలుగురు పట్టి లాగుట వాడుక. దానితో నరము తెగవచ్చును. తుంటి తొలగినచో 6 గంటలలో లోనికి చేర్పవలెను, లేనిచో బంతి ఎముకకు రక్తమందక క్రమముగా కూలును. మోకాలిలోపల త్రాళ్లవంటి బంధనములు తెగినవారు నడువగలరు, పరుగిడి మలుపు తిరుగలేరు. వీరికి చిన్న రంధ్రములనుండి దుర్భిణి దూర్చి బాగుచేయు పద్ధతికి దారి తీసినవారిలో జపానుదేశపు వతనాబె ముఖ్యుడు. 1962లో టోక్యోలో అతడు దుర్భిణిద్వారా మోకాలి శస్త్రచికిత్స చేసెను. ఆ యేడే ఇంగ్లండులో చార్న్‌లీ, లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో తుంటి కీలునే మార్చి చూపెను. స్నానాల గదిలో జారి తుంటి విరిగిన మన మామ్మలకు ఈ రెండవది ప్రాణదానము. "ఈ వయస్సున కత్తియెందుకు" అని మంచాన పడవేసినచో పుండ్లును, ఊపిరితిత్తులలో నెమ్మును వారిని తీసికొనిపోవును. రెండు దినములలోపల శస్త్రము చేసి లేపి కూర్చుండబెట్టుట మేలు.

ఇవన్నియు దూరదేశపు వింతలు కావు. నిజాం ధర్మనిధితో 1960వ దశకమున హైదరాబాదులో వెలసిన ఎముకల ఆసుపత్రియే నిమ్స్‌గా పెరిగినది. తిరుపతిలో దేవస్థానమువారు 1985లో బర్డ్ స్థాపించిరి. 2005 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున 108 బండి తిరుగుచున్నది. నూజివీడునుండి విజయవాడ 40 కిలోమీటర్లకు కొంచెము పైమాట. దూరము అడ్డుకాదు, బండి వచ్చులోపల మనము చేయునదే అడ్డు. పడినవానికి సోడా, కాఫీ త్రాగింపకుడు. మత్తు ఇచ్చుటకు కడుపు ఖాళీగా నుండవలెను. ఉంగరములు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీయుడు. గాయముపై ఆకుపసరు, కాఫీపొడి వేయక ఉతికిన గుడ్డ కప్పుడు. బయటికి వచ్చిన ఎముకను లోనికి నెట్టకుడు.

మాటలతో ఇంతకుమించి చెప్పలేను. ఈ బల్లపై రెండు వెదురు బద్దలు, నాలుగు తువ్వాళ్లు తెచ్చియుంచితిని. కోతకు పోవు యువకులు ఇద్దరు ముందునకు రండు. ఒకరు పడినవాడు, ఒకరు కట్టువాడు. మొదట మోకాలి క్రింద విరిగినట్లు అనుకొందము.