కాఫీ ఎవరు పెట్టారు?



స్నాతకోత్సవానికి శాస్త్రవేత్తల్నో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళనో పిలవడం ఆనవాయితీ. నేను 34 ఏళ్ళు గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరైన కథకుణ్ణి. నన్నెందుకండీ అని పిలిచినవాళ్ళను ఫోన్‌లోనే అడిగాను. "ఉద్యోగం చేశారు, ఇద్దరు పిల్లల్ని పెంచారు, ఆరు కథల పుస్తకాలు తెచ్చారు. ఇవన్నీ ఎలా కుదిరాయో మా పిల్లలకు చెప్పండి" అన్నారు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఒకసారి ఒక సాహిత్య సభలో నేనూ, నాకంటే బాగా రాసే ఒక రచయిత్రీ పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న, ఇల్లూ పిల్లల్నీ చూసుకుంటూ రాయడానికి తీరిక ఎలా చేసుకుంటారని. నన్ను అడిగింది, మీ కథల్లో పల్లె భాష గురించి చెప్పమని. నాకూ ఇల్లుంది, నాకూ పిల్లలున్నారు. కానీ నా తీరిక ఎక్కణ్ణుంచి వస్తోందో సభలో ఎవరికీ సందేహం రాలేదు. నాకూ రాలేదు.

బ్యాంకులో సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఎవరూ ఇంటికి వెళ్ళరు. పది రూపాయల తేడాకి రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్న రోజులున్నాయి. అలాంటివాణ్ణి, ఇంటి లెక్కలో ఇంత తేడా పెట్టుకుని ఇన్నేళ్ళు హాయిగా నిద్రపోయాను. ఈ పూట మీ ముందు ఆ లెక్క చూసుకుంటాను.

నా కథలు చాలావరకు చెల్లిపోయిన డెబిట్ ఓచర్ల వెనకవైపు రాశాను. ఒకవైపు కథ, తిప్పితే డెబిట్. రోజూ రాత్రి తొమ్మిదింటికి ముందుగదిలో కూర్చునేవాణ్ణి. లోపల గిన్నెల చప్పుడు, పిల్లల ఎక్కాలు, హోంవర్కు తగాదాలు, కాసేపటికి లైటు ఆర్పిన చప్పుడు. పదింటికి ఇల్లు దానంతటదే సద్దుమణుగుతుందని నా నమ్మకం. నా భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. పగలంతా నలభైమంది పిల్లలతో గొంతు చించుకుని వచ్చిన మనిషి, రాత్రి మా పిల్లలిద్దరినీ నోరెత్తకుండా నిద్రపుచ్చేది. నాకు దొరికిన నిశ్శబ్దం ఆవిడ తయారుచేసింది. దానికి ఓచరు లేదు.

ఒక రాత్రి గురించి చెప్తాను. అప్పట్లో వారపత్రికలు దీపావళికి కథల పోటీలు పెట్టేవి. మర్నాడు పొద్దున్నే కథ పోస్టులో వేయకపోతే గడువు దాటిపోతుంది. చివరి పేజీలో ఉన్నాను. మా అబ్బాయికి నాలుగేళ్ళు, ఒళ్ళు కాలిపోతోంది. ఆవిడ రెండుసార్లు పిలిచింది. "ఒక్క పేరా" అన్నాను. మూడోసారి పిలుపు రాలేదు. తలెత్తి చూసేసరికి వీధి తలుపు తీసి ఉంది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, మా అమ్మాయిని పక్కింట్లో వదిలి, రిక్షా మాట్లాడుకుని ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ కథకు రెండో బహుమతి వచ్చింది. అందులో ఒక తండ్రి జ్వరం వచ్చిన బిడ్డ పక్కన తెల్లవార్లూ కూర్చుంటాడు, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తాడు. పాఠకులు ఉత్తరాలు రాశారు, కళ్ళు చెమర్చాయని. పత్రిక వచ్చిన రోజు మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చదివింది. మడిచి ఇస్తూ, "ఈయనెవరో మంచాయన" అంది. అంతే. నా కథల మీద వచ్చిన విమర్శల్లో దాన్ని మించింది లేదు.

తర్వాత ఆవిడకు ప్రమోషను వచ్చి దూరపు మండలానికి బదిలీ అయింది. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కితే శనివారం రాత్రికి వచ్చేది. రెండేళ్ళు పిల్లలు నా దగ్గరే. అమ్మాయికి రెండు జడలు వేయడం నేర్చుకున్నాను. పాపిడి తిన్నగా తీయడం జమాఖర్చు సరిచూడటం కంటే కష్టం. క్యారేజీలో పొద్దున పెట్టిన కూర మధ్యాహ్నానికి ఎలా పాచిపోతుందో, ఇంట్లో చెంచాలు ఎక్కడికి పోతాయో, ఒక పిల్లాడు నిద్రపోవడానికి ఎన్ని అబద్ధాలు చెప్పాలో తెలిసింది. ఆ రెండేళ్ళలో రాసింది ఒకే ఒక్క కథ.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం నా పాత కథలు తిరగేశాను. ప్రతి కథలో ఎక్కడో ఒకచోట "కాఫీ వచ్చింది" అని ఉంది. స్నేహితుడు వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, కాఫీ వచ్చింది. వాన వచ్చినట్టు, బస్సు వచ్చినట్టు. ఎవరు పాలు కాచారో, ఎవరు డికాషన్ తీశారో, ఇద్దరికి సరిపోయే పాలు ముగ్గురికి ఎలా సర్దారో ఒక్క వాక్యం లేదు. మనుషుల్ని పరిశీలిస్తాడని పేరు తెచ్చుకున్న రచయిత తన ఇంట్లో సగం చూడలేదు. ఆ రోజు నుంచి నా కథల్లో కాఫీ ఎవరో ఒకరు పెడుతున్నారు. చేయి కాల్చుకుంటున్నారు, విసుక్కుంటున్నారు, ఒక్కోసారి పెట్టనంటున్నారు. నా కథలు కాస్త బాగుపడ్డాయంటే అక్కణ్ణుంచే.

ఇల్లు కథకు అడ్డమని మాలాంటివాళ్ళం గొణుక్కుంటాం గానీ, మన కథ పుట్టిందే ఇంట్లో. తెలుగులో తొలి కథ ఏదని పండితులు వాదించుకుంటారు. 1902 నాటి భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ అని కొందరు, 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ అని కొందరు. ఒకదాంట్లో పండగ పూట చేతిలో కాసులేని సంసారంలో, యజమాని సొమ్ముకు ఆశపడిన భర్తను భార్య వారిస్తుంది. ఇంకోదాంట్లో అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్తకు భార్య కనపడదు, గుండె జారిపోతుంది. ఏది ముందుదైనా రెండూ ఇంటి గోడల మధ్యే జరిగాయి. అచ్చమాంబ బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువుకుంది. పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలోనే స్త్రీల చరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1905లో, ముప్పై దాటగానే వెళ్ళిపోయింది.

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ మీలో కొందరు చదివే ఉంటారు. ఇల్లు అలికీ అలికీ ఒక ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది, వెతుక్కుంటూ బయల్దేరుతుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ ఇల్లాలి మీద జాలిపడ్డాను. రెండోసారి చదివినప్పుడు మా ఇంట్లో నేను భార్యను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకున్నాను. ‘ఏమోయ్’ అనేవాణ్ణి.

పరాయి దేశాల్లోనూ ఇదే లెక్క. అమెరికన్ రచయిత్రి టోనీ మోరిసన్ విడాకుల తర్వాత ఇద్దరు కొడుకుల్ని పెంచుకుంటూ, న్యూయార్కులో పుస్తకాల సంస్థలో ఎడిటరుగా పనిచేస్తూ, పిల్లలు లేవకముందు తెల్లవారుజామున రాసుకునేది. ఒకసారి చంటిపిల్లాడు ఆమె రాస్తున్న కాగితం మీద నారింజరసం కక్కితే, తుడవడానికి లేస్తే వాక్యం పోతుందని, ఆ తడి చుట్టూ రాసుకుంటూ పోయిందట. మొదటి నవల 1970లో వచ్చేనాటికి ఆమెకు 39 ఏళ్ళు. 1993లో నోబెల్ వచ్చింది. నైజీరియా నుంచి లండన్ వెళ్ళిన బూచీ ఎమెచెటా మొదటి నవల రాతప్రతిని భర్త తగలబెట్టాడు. ఆమె నలుగురు పిల్లలతో, కడుపులో ఐదో బిడ్డతో బయటికొచ్చి, ఆ నవలను మళ్ళీ మొదటినుంచి రాసింది. వీళ్ళ పట్టుదలకు దణ్ణం పెడదాం. కానీ ఆడపిల్లలందరూ ఇలా ఉండాలని మాత్రం చెప్పకండి. ఒకరు చేయాల్సిన పని చేయకపోతే రెండోవాళ్ళు పడే అవస్థకు పట్టుదల అని పేరు పెట్టి చప్పట్లు కొట్టడం మనకు బాగా అలవాటు.

ఇంకో దారి కూడా ఉంది. ‘బీనాదేవి’ అన్న పేరు విన్నారా? అది ఒక మనిషి పేరు కాదు. నరసింగరావు, త్రిపురసుందరమ్మ అనే దంపతులు కలిసి పెట్టుకున్న కలంపేరు. ఆయన న్యాయమూర్తి. ‘పుణ్యభూమీ కళ్ళు తెరు’ నవల ఆ పేరుతోనే వచ్చింది. ఆయన పోయాక కూడా ఆవిడ అదే పేరుతో రాశారు. అందరూ ఒకే కలంతో రాయనక్కర్లేదు. బల్ల మీద ఇద్దరికీ చోటుంటే చాలు.

మీలో రాయాలనుకునేవాళ్ళు కొందరుంటారు. బొమ్మలు వేసేవాళ్ళు, పాడేవాళ్ళు, పరిశోధన చేసేవాళ్ళు ఉంటారు. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా, జీతం ఎంత అని అడుగుతారు. మీరు ఇంకో ప్రశ్న అడగండి: "రోజులో ఏ గంట నాది, ఏ గంట మీది?" తెల్లముఖం వేస్తే అక్కడే తెలిసిపోతుంది. అబ్బాయిలకు ఒక మాట. ఇంటి పనిలో "సాయం చేస్తాను" అనకండి. 34 ఏళ్ళు అప్పులిచ్చిన బ్యాంకువాడిగా చెప్తున్నాను, బాకీ తీర్చేవాణ్ణి దాత అనరు.

కొన్నేళ్ళు ఏమీ రాయలేరు. పసిబిడ్డలుంటారు, మంచాన పడ్డ పెద్దవాళ్ళుంటారు. తక్కెడ ఎప్పుడూ సమంగా నిలబడదు, ఏదో ఒక సిబ్బి కిందికి దిగుతుంది. అది ఎప్పుడూ ఒకే మనిషి వైపు దిగకుండా చూసుకోండి, చాలు. తక్కువ రాశామన్న దిగులూ వద్దు. కాళీపట్నం రామారావు గారు విశాఖలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ కొద్ది కథలే రాశారు. వాటిలో ‘యజ్ఞం’ మీద ఇప్పటికీ వాదులాడుకుంటున్నాం. తర్వాత ఇతరుల కథలు దాచడానికి శ్రీకాకుళంలో 1997లో ‘కథానిలయం’ కట్టారు. ఎన్ని రాశారని ఆయన్నెవరూ అడగలేదు.

ఒక హెచ్చరిక కూడా. ఇంట్లో దొరికిందంతా కథకు సరుకు కాదు. మా అమ్మాయికి 14 ఏళ్ళప్పుడు, స్నేహితురాలితో తెగిపోయిన రోజు దాని ఏడుపును నేను కథ చేశాను. పేరు మార్చాను గానీ బళ్ళో అందరికీ తెలిసిపోయింది. "అది నా ఏడుపు నాన్నా, నీ కథ కాదు" అంది. నెలరోజులు మాట్లాడలేదు. అప్పట్నుంచి ఇంటివాళ్ళ సంగతి రాసేముందు అడుగుతున్నాను. రెండుసార్లు వద్దన్నారు. ఆ రెండు కథలూ లేవు.

ఈ ప్రసంగం కూడా అడిగే చదువుతున్నాను. నిన్న రైల్లో మా ఆవిడ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, టీచరు కదా, ఎర్రపెన్ను తీసింది. రెండు పేజీలు అడ్డంగా కొట్టేసింది. "మీ గొప్పలు ఎక్కువయ్యాయి. పిల్లలకు ఆకలేస్తుంటుంది" అంది. మూడో వరసలో కూర్చుంది, మీరు తిరిగి చూడకండి, నన్ను తిడుతుంది.

ఆ రెండు పేజీలూ ఉండి ఉంటే ఇంకో పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి. ఆ పది నిమిషాలూ మీకు ఇచ్చింది ఆవిడ. నేను ఇచ్చానని రాసుకోకండి.